రాజుగారి తల

ఇస్తాంబుల్‌లోని హేగియా సోఫియాలో, మేడమీద దక్షిణపు వసారాలో, రంగు గాజుముక్కలు పొదిగిన మొజాయిక్ బొమ్మ ఒకటుంది. నడుమ క్రీస్తు, ఒక పక్క జోయీ మహారాణి, రెండో పక్క డబ్బుసంచి పట్టుకున్న ఆమె భర్త. ఏ భర్త అన్నదే చిక్కు. చాలామంది పండితుల లెక్కన మొదట అక్కడున్నది మొదటి మొగుడు మూడో రోమనోస్. 1034లో ఆయన స్నానపు కొలనులో పోయిన రోజే రాణిగారు నాలుగో మైఖేల్‌ను కట్టుకున్నారు. 1042లో తొమ్మిదో కాన్‌స్టాంటైన్ మూడో మొగుడయ్యాక మేస్త్రీలు పాత తల పీకి కొత్త తల పొదిగారు, పైన పేరు కూడా మార్చారు. ఒళ్లు, పట్టుబట్టలు, సంచి పాతవే. అరవై దాటిన జోయీకీ పడుచు ముఖం వచ్చింది. ఆ సందట్లో క్రీస్తు తలకూ మరమ్మతు తప్పలేదు. నన్నడిగితే, చక్రవర్తి చిత్రంలో అన్నిటికన్నా చవకైన సరుకు చక్రవర్తి ముఖమే. నాయకుడు పార్టీ మారిన మర్నాడు, ఆయన నమస్కారం అలాగే ఉంచి పైన అధినేత తల ఒక్కటే మార్చే మన నెల్లూరు ఫ్లెక్సీ డిజైనర్‌కి ఈ సంగతి వివరించనక్కర్లేదు.

సాక్ష్యం కావాలంటే మన నేలలోనే ఉంది. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద కుండలో రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు: ట్రేజన్, హేడ్రియన్, ఫౌస్టీనా రాణి. రైతు వాళ్ల వంశవృక్షం విచారించలేదు, పాత బంగారం కింద అమ్మేశాడు. చాలామంది చక్రవర్తులు కంసాలి మూసలో కరిగిపోయే ఉంటారు. ఆర్కాటు నవాబు కుమారుడు ముప్పై పైచిలుకు రాబట్టాడు. మద్రాసు గవర్నరుగా చేసిన డేవిడ్సన్ ఒక హేడ్రియన్‌నీ ఒక ఫౌస్టీనానీ ఏరుకున్నాడు. కొన్నిటికి బెజ్జాలున్నాయనీ, చేతికో మెడకో నగగా వేసుకుని ఉంటారనీ ఆయనే రాశాడు. మెడలో వేసుకోవడం గౌరవం కాదా అంటారేమో. గౌరవమే, బంగారానికి. చక్రవర్తి మీద భక్తే అయితే ఆయనకు బెజ్జం పొడిచి దారం గుచ్చరు.

మరి తిరుమలలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ శ్రీకృష్ణదేవరాయల విగ్రహం తల అయిదు వందల ఏళ్లుగా ఎవరూ మార్చలేదే అని ఇంకొకరు నిలదీయవచ్చు. గట్టి ప్రశ్నే. మన ఉదయగిరి కోట గెలిచి, 1514లో స్వామికి ముప్పై వేల వరహాలతో కనకాభిషేకం చేయించిన ఘనుడాయన. అయినా జాగ్రత్త మానలేదు: ఆ విగ్రహాల మీద పేర్లు తలల పైన కాదు, భుజాల మీద చెక్కి ఉన్నాయి.