కోట్‌పల్లి డేరా పద్యం: టీకా తాత్పర్యం

మూలం

కోటుపల్లి కట్ట కొసను డేరా వేసి
బియ్యమొకరు మరువ బిక్కమొగము
అడవి దారి పట్ట నడ్డొచ్చె మేకలు
వారమంత యలుపు వాయునెపుడు?

అవతారిక: హైదరాబాదు కుటుంబం ఒకటి, అత్తమామలు, బావమరదులు, పిల్లలతో సహా, వికారాబాదు జిల్లా కోట్‌పల్లి జలాశయం ఒడ్డున శనివారం రాత్రి గడపాలని, తెల్లారి అడవి అంచు దారుల్లో బంట్వారం మీదుగా తాండూరు చేరాలని సంకల్పించింది. రెండు చాపలకూ ఒక ఐస్ పెట్టెకూ నడుమ, వెనక సీట్లో నలిగిన కవి ఈ ఆటవెలది చెప్పాడు. పేరు తెలియదు. ఆ ఇంటి అల్లుడని పద్యమే చెబుతోంది. ఎలాగో ‘ఒకరు’ దగ్గర చూడండి.

కోటుపల్లి: కోట్‌పల్లి. గణం కోసం ‘టు’ వచ్చింది. కోటెపల్లి, కోటిపల్లి అని పాఠాంతరాలున్నాయి. వీటిలో చివరిది ప్రమాదకరం. ఫోనులో ఆ పాఠం కొట్టి దారి అడిగితే అది గోదావరి గట్టున సోమేశ్వరస్వామి కొలువున్న కోనసీమ కోటిపల్లికి తోలుకుపోగలదు. పుణ్యమైతే వస్తుంది గానీ సోమవారం ఆఫీసుకు అందుకోలేరు.

కట్ట కొసను: జలాశయపు కట్ట చివర. నడుమ వేయకూడదా? నడుమ ఫొటోలు దిగేవారుంటారు. పడవల దగ్గర తెడ్లు పట్టుకుని వంతు కోసం నిలబడినవారుంటారు. ఏకాంతం కోసం నగరం వదిలి వచ్చినవారందరికీ అక్కడ ఒకరి ఏకాంతం ఒకరికి తగులుతుంది.

డేరా వేసి: ‘వేయించి’ అని అన్వయం. రెండు గంటలు కడ్డీలతో కుస్తీ పట్టిన బావగార్ల వల్ల కాలేదు. వల సర్దుకుంటున్న చేపలతను వచ్చి, సూచనల కాగితం చూడకుండా నిలబెట్టాడు. కర్తృత్వం ఎవరిదని వ్యాకరణం అడిగితే చేపలతనిదే. గ్రూపులో పెట్టిన ఫొటోలో మాత్రం అతను లేడు.

బియ్యము: ఉపలక్షణం. ఉప్పు, అగ్గిపెట్టె, దోమల చక్రం కూడా మరిచారని గ్రహించాలి. పాటల డబ్బా మరవలేదు.

ఒకరు: ఈ పదం మీద వ్యాఖ్యాతలు పోట్లాడుకున్నారు. అత్తగారని ఒక పక్షం, పెద్ద బావగారని మరొక పక్షం. మరిచింది మరదలో బావమరిదో అయితే కవి పేరు పెట్టి ఏకిపారేసేవాడే. గౌరవ వాచకం వేసి తప్పుకున్నాడంటే పెద్దవారే. అత్తవారి అన్నం మీద ఆధారపడ్డవాడే ఇంత జాగ్రత్తగా రాస్తాడు. కనుక కవి అల్లుడు.

బిక్కమొగము: అందరిదీ. శంక: మరి ఆ రాత్రి ఏం తిన్నారు? సమాధానం: ఇది వరి గొంతుల సీమ కాదు. తాండూరు వైపు ఇళ్ళలో జొన్నరొట్టె చప్పుడు ఇంకా వినబడుతుంది. పక్క ఊళ్ళో ఒక ముసలమ్మ “బియ్యం లేకుంటె బతుకు లేదా బిడ్డా, గీ రొట్టెలు తినుండ్రి” అని పప్పుతో సహా పెట్టింది. ఆ పప్పు సామాన్యమైంది కాదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లోతైన నల్లరేగడిలో పండే ఆ కంది రుచి, మూటలో మరవని వస్తువులన్నిటినీ వెక్కిరించింది. పద్యంలో చెప్పవలసింది ఇదే. కవి చెప్పలేదు. ఇది కావ్యదోషం.

అడవి దారి పట్ట: టేకు, మోదుగ, తునికి చెట్ల మధ్య దారి. ఎర్రమట్టి మీద కారు సాఫీగానే పోతుంది. రేగడి మొదలైన చోట మాత్రం వాన పడిందో, చక్రం తిరుగుతుంది, బండి కదలదు.

అడ్డొచ్చె మేకలు: ‘అడ్డొచ్చె’ గ్రామ్యమని ఆక్షేపించకండి, మేకలూ గ్రామ్యమే. అసలు దోషం అర్థంలో ఉంది. రోజూ ఆ దారిన పోయే మేకలకు ఆదివారం వచ్చిన కారు అడ్డమైంది గానీ కారుకు మేకలు కాదు. కాపరి కూడా ఈ పక్షమే: “జర ఆగుండ్రి సారూ, గవి హారనుకు ఇనయ్.”

వారమంత యలుపు వాయునెపుడు: ప్రశ్నాలంకారం. జవాబు పై పాదాల్లోనే ఉంది. ఇల్లంతా మోసుకుపోయినవాడికి ఇంటి అలుపు ఎక్కడ పోతుంది?

విశేషం: కవి చేవెళ్ళ దాటేదాకా నిద్రపోయి ఉండాలి, లేకుంటే బీజాపూరు రోడ్డు పొడుగునా ఉన్న వందలాది మర్రిచెట్లను వదలడు. రోడ్డు వెడల్పుకు వాటిని కొట్టవద్దని జనం హరిత ట్రిబ్యునల్ దాకా పోయారు. అనంతగిరి కూడా పద్యంలో లేదు. ఆ కొండల్లో పుట్టిన మూసీ తూర్పున హైదరాబాదుకు పోతుంది. కోట్‌పల్లి వాగు నీళ్ళు కాగ్నాలో పడి, తాండూరు దాటి, కర్ణాటకలో భీమలో కలుస్తాయి. అలిగి చెరో దారి పట్టిన తోడికోడళ్ళు అత్తింటి పెళ్ళిలో ఎదురుపడ్డట్టు రెండూ చివరికి కృష్ణలోనే చేరతాయి. పొద్దున ఒక నీటి పుట్టుక, సాయంత్రం మరొక నీటి ఒడ్డు చూడగలిగే ఈ దారిలో పాటల డబ్బా ఎందుకు మోగించారో వ్యాఖ్యాతకు బోధపడలేదు.

ఫలశ్రుతి: ఈ పద్యం చదివి బయలుదేరేవారు అడవి దారి పగలే దాటండి. తెలియని నీళ్ళలో పిల్లలను దింపకండి. సీసాలు, పళ్ళేలు కట్ట మీద వదలకండి. అది విహారం కోసం తవ్విన కొలను కాదు, సాగు కోసం కట్టిన ప్రాజెక్టు. అందులో నీళ్ళు కింది రైతుల పొలాలకు పోతాయి.