నాయకుల ఇళ్లలోకి తొంగిచూసే పద్ధతి

ముందు మంచి టీకొట్టు చూసుకోండి. హోసూరు బస్టాండైనా సరే, కృష్ణగిరి రౌండానా అయినా సరే. "ఆయప్ప పెండ్లాం పుట్టింట్లోనే ఉండాదంట కదన్నా" అని గ్లాసు దించకుండా మొదలుపెట్టండి. ఆధారం అడిగినవాణ్ణి ఆ పార్టీ మనిషని తేల్చేయండి. అఫిడవిట్ జోలికి మాత్రం పోకండి. పోటీ చేసేవాళ్లు కేసులు, ఆస్తులు, అప్పులు చెప్పి తీరాలని 2002లో సుప్రీంకోర్టు అన్నందువల్ల వచ్చిన కాగితం అది. భార్య లేదా భర్త బంగారం ఎన్ని గ్రాములో, ఏ బ్యాంకుకు ఎంత బాకీయో అందులో ఉంటుంది. సంతకం పెట్టి చెప్పిన సంసారంలో రుచేముంటుంది?

పెళ్లిళ్లు వదలొద్దు, కానీ చీరలు, నగల దగ్గరే ఆగిపోండి. బర్గూరు నుంచి 1991లో గెలిచిన జయలలిత 1995లో దత్తపుత్రుడికి చేసిన పెళ్లి గురించి ఊరూరా చెప్పుకున్నారు. పెళ్లి ఇంటి విషయమే. డబ్బెక్కడిదన్నది కాదు. అందుకే ఆ ఖర్చు అక్రమాస్తుల కేసులో లెక్కకొచ్చింది. 2014లో బెంగళూరు ప్రత్యేక కోర్టు శిక్ష వేసింది, 2015లో హైకోర్టు కొట్టేసింది, 2017లో సుప్రీంకోర్టు మొదటి తీర్పునే నిలబెట్టేనాటికి ఆమె లేరు. బర్గూరు ఓటర్లు అంతకాలం ఆగలేదు. 1996లోనే 8 వేల పైచిలుకు ఓట్లతో ఓడించారు. గడప లోపల ఏం జరిగినా మనకనవసరం. సర్కారు సొమ్మో, అధికారమో ఆ గడప దాటిందా అన్నదే అడగాలి.

ఇంట్లో అబద్ధమాడేవాడు అసెంబ్లీలో నిజం చెబుతాడా అంటారా? చెప్పకపోవచ్చు. కానీ ఒక్క భార్యతో బుద్ధిగా కాపురం చేస్తూ ఖజానా ఊడ్చినవాళ్లు మనకు కొత్తా? మరి ఆరోగ్యం? మామూలు మనిషిదైతే సొంత విషయం, ముఖ్యమంత్రిది కాదు. 2016లో 75 రోజులు ముఖ్యమంత్రి జయలలిత ఆసుపత్రిలో ఉంటే, ఇడ్లీ తిన్నారా లేదా అని వాదించుకున్నాం. తిన్నారని చెప్పింది అబద్ధమేనని మరుసటేడు మంత్రి దిండిగల్ శ్రీనివాసన్ ఒప్పుకున్నారు. ఫైళ్లు ఎవరు చూస్తున్నారని మాత్రం గట్టిగా అడగలేదు. ఇడ్లీ కబురే మనకు కమ్మగా ఉండింది, ఏం చేద్దాం.

చివరి మెట్టు సులువు. కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ 2024లో లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసిన వీడియో ఇంకో నలుగురికి పంపండి. ఆయన అఫిడవిట్టూ, ఆయన మీద పోటీ చేసినవాళ్ల అఫిడవిట్లూ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉన్నాయి. చూడ్డానికి డబ్బులు కట్టక్కర్లేదు.