పరుపు అంచులో దాక్కున్న గోమారికి

గోమారీ,

మా కుక్క సిరి చెవి మడతలో నెత్తురు తాగి ఆముదపు గింజంత ఉబ్బిన నిన్ను ఎవరైనా చూస్తారు, చూసి మొహం చిట్లిస్తారు. నా కోపం దాని మీద కాదు. కడుపు నిండాక కుక్క ఒంటి మీంచి జారి ఎక్కడికి పోతావో దాని మీద. గోడ నెర్రె, తలుపు చెక్క సందు, లేదంటే అది పడుకునే పరుపు అంచు. అక్కడ చేరి వేలల్లో గుడ్లు పెట్టి చస్తావు. ఆరు కాళ్లతో పుట్టిన నీ పిల్లలు దాన్నే పట్టుకుని తాగి రాలతాయి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్లతో మళ్లీ ఎక్కుతాయి, మళ్లీ రాలతాయి. రాలిన ప్రతిసారీ పడేది ఆ పడక చుట్టుపక్కలే. అందుకని నీతో పోరు సగం కుక్క ఒంటి మీద, సగం దాని పక్క మీద.

పోయిన వానాకాలం నువ్వు అంటించిన ఎర్లీకియా జబ్బుతో సిరి మూలన పడింది. ఒళ్లు కాలిపోయేది, అన్నం ముట్టేది కాదు, చిగుళ్లు పాలిపోయాయి, ఒకరోజు ముక్కు వెంట రక్తం కారింది. పరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయన్నారు. పశువుల డాక్టరుగారు డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడించారు. బతికింది. నీ పని పట్టే మాత్ర ఆయన చెప్పిన వేళకు తప్పకుండా వేస్తున్నాం. ఇక పక్క సంగతి.

అప్పటి దాని పరుపు దుకాణంలో కొన్నది. ముట్టుకుంటే మెత్తగా ఉండేది. చుట్టూ లావుపాటి పైపింగు, మధ్యలో బొత్తాలు లాగి కుట్టిన గుంటలు. కవరు విప్పే దారే లేదు. తడిగుడ్డతో తుడవమని ఒక చీటీ అంటించారు. బ్లేడు పెట్టి పైపింగు విప్పితే దాని పొడవునా నువ్వే, చిన్నా పెద్దా అన్నీ. కుక్క పడుకునే పరుపును ఉతకడానికి వీల్లేకుండా కుట్టి అమ్మడం అన్యాయం. ఆ మాట ఎక్కడైనా అంటాను.

కొత్తది నేనే కుట్టాను. లోపలి దూది పరుపు 36 అంగుళాల పొడవు, 24 వెడల్పు, 4 మందం. కవరుకు మందపాటి కాటన్ కాన్వాసు, మీగడ రంగుది. మురికి కనపడకుండా ముదురు రంగు తీసుకోమంటారు అందరూ. నాకు కనపడాలి. లేత గుడ్డ మీద నువ్వు కదిలితే వంగి చూడనక్కర్లేదు. కోయకముందే గుడ్డను వేడినీళ్లలో ఉతికి ఆరేశాను, కుదించుకునేదేదో ముందే కుదించుకోవాలి. లేకపోతే మొదటి ఉతుకు తర్వాత పరుపు అందులో దూరదు.

పై ముక్క 41 అంగుళాలకు 29. పొడవుకూ వెడల్పుకూ మందం కలిపి, చుట్టూ అరంగుళం కుట్టుకు వదిలిన లెక్క అది. అడుగున రెండు ముక్కలు, ఒక్కోటి 25న్నరకు 29. వాటి లోపలి అంచు అంగుళం మడిచి కుట్టి, రెండూ మధ్యలో 8 అంగుళాల మేర ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరిచాను. దిండు గలీబు పద్ధతే. జిప్పు పెట్టలేదు. జిప్పు పట్టీ వెనకాల మడత నీకు ఇల్లవుతుంది, కుక్క గోళ్లు తగిలితే ముందు ఊడేదీ అదే. గలీబు మడత కిందా నువ్వు దూరగలవు, కానీ చెయ్యి పెట్టి తిరగేస్తే ఆ చోటంతా బయటపడుతుంది.

పక్క కుట్లు రెండుసార్లు వేశాను. ముందు మంచి వైపులు బయటికి ఉంచి పావు అంగుళంలో ఒకటి. అంచులు కాస్త కత్తిరించి, తిరగేసి, ఆ పోగుల్ని లోపల బంధిస్తూ ఇంకొకటి. చివరన మూలలు త్రికోణంగా పట్టుకుని 4 అంగుళాల అడ్డకుట్టు వేస్తే పరుపు మందం అక్కడ సరిగ్గా కూర్చుంటుంది. కాన్వాసుకు 16 నంబరు సూది కావాలి, సన్నది విరుగుతుంది.

చల్లనీళ్లలో సబ్బు నురగకు నువ్వు చావవు. అందుకే వారానికోసారి కవరు లాగి సలసల కాగే నీళ్లలో ముంచుతాను. లోపలి పరుపు గట్టి నేత గుడ్డలో మూసి కుట్టేసి ఉంది. కవరు తీసినప్పుడల్లా దాని నాలుగు అంచులూ గోటితో తడుముతాను.

రెండో కవరు కూడా కోసి ఉంచాను, ఒకటి ఉతుకులో ఉన్నప్పుడు సిరి కటిక నేల మీద పడుకోకూడదు. కొలతల కాగితం మా వీధి టైలరుకు ఇచ్చి, కుక్క ఉన్నవాళ్లు ఎవరడిగినా ఇదే లెక్కన కుట్టమని చెప్పాను. ఇక మిగిలింది గోడ. నువ్వు పైకి పాకే రకానివి, దాని పడక పక్కన అడుగెత్తులో ఒక నెర్రె ఉంది. ఆదివారం మేస్త్రి వచ్చి సిమెంటుతో పూడుస్తాడు.

ఇట్లు,
సిరిని పెంచుకుంటున్న మనిషి