పదికి రెండు

నా దగ్గర ఎర్ర అట్ట వేసిన పద్దు పుస్తకం ఒకటి ఉంది. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి తూకాలు రాసుకునే రకమే, పొడుగ్గా, నిలువు గళ్లతో ఉంటుంది. ఇందులో మాత్రం తూకాలు లేవు. నేనూ, ఎమ్మిగనూరులో ఉండే మా మేనమామా కలిసి రుచి చూసిన వైన్ల సంగతి ఉంది. రంగు, వాసన, నాలుక, మింగినాక మిగిలేది అని నాలుగు గళ్లు. ఐదో గడిలో పదికి ఎన్ని మార్కులో. మొదటి పద్దు 2017 జూన్‌ది.

కమిషన్ కొట్టులో గుమాస్తాగా నాకు ఇరవై రెండేళ్లు. కుప్పలోంచి గుప్పెడు పత్తి తీసి, రెండు బొటనవేళ్ల మధ్య పట్టి లాగి, పింజ ఎంత పొడవుందో, ఎంత గట్టిగా ఉందో వేళ్లతోనే చెప్పడం నా పని. అందుకే ఒకసారి బెంగళూరు దగ్గర, నంది కొండల కింద దొడ్డబళ్లాపురం వైపు ద్రాక్షతోట చూడటానికి వెళ్లినప్పుడు, అక్కడొకాయన గ్లాసు తిప్పి, వాసన పట్టి, గుక్కెడు నోట్లో ఆడించి వైన్ గుణం చెబుతుంటే నాకేమీ వింతగా అనిపించలేదు. పింజ చూసినట్టే ఇదీ. చూడగా చూడగా వస్తుంది. ఆ రోజు పట్టుకున్న పిచ్చి ఇప్పటికీ వదల్లేదు.

మా ఊళ్లో 'వైన్స్' అనే బోర్డులకు కొదవ లేదు. లోపలికి పోయి వైన్ కావాలంటే మాత్రం కుర్రాడు ఒక్క క్షణం ఆగి, "అంటే ఏ బ్రాండన్నా?" అంటాడు. బ్రాందీ, విస్కీ, బీరు దాటి అడుగు అరలో దుమ్ము పట్టిన సీసా ఒకటో రెండో దొరికితే దొరికినట్టు. లేదంటే కర్నూలు పోయేవాళ్లతో తెప్పించుకోవాలి. నాసిక్‌వో నంది కొండలవో, 900 రూపాయలు దాటనివి. ఆదివారం సాయంత్రం ఒక సీసా, చెరో రెండు చిన్న గ్లాసులు, పక్కన అత్త చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జి. చెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌ను బాగా చల్లబరిచి ఉగ్గానితో తాగి చూడండి. నిమ్మరసం పిండిన బొరుగులకు దానంత చక్కగా కుదిరేది నేను ఇంతవరకూ చూడలేదు. ఎర్ర వైన్‌ను గది వేడిలో తాగాలని పుస్తకాలు అంటాయి. ఆ గది మా గది కాదు. మే నెలలో మా ఇళ్లలో నీళ్లే వెచ్చగా ఉంటాయి. ఎర్రదాన్ని కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టాకే మూత తీసేవాళ్లం.

మామ సంగతి చెప్పాలి. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్పగారు 1938లో చేనేతవాళ్ల సహకార సంఘం పెట్టిన ఊరు. మామ అక్కడ ముప్పై ఏళ్లకు పైగా నూలుకు రంగు వేసినాడు. నీలిరంగు తొట్టిలోంచి చిలప పైకి తీసినప్పుడు అది నీలంగా ఉండదు. పచ్చపచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ కళ్లముందే నీలమవుతుంది. ఎంతసేపటికి ఏ నీలమో మామ గడియారం చూడకుండా చెప్పేవాడు. గ్లాసు చేతికిచ్చినా ముందు చేసేది అదే. గూట్లోంచి తెల్లనూలు చిలప ఒకటి తీసి, దాని ముందు గ్లాసు వంచి, అంచున రంగు ఎట్లా పలచబడుతోందో చూసేవాడు. తెల్లబట్ట మీద వంచి చూడాలని వైన్ పుస్తకాలు చెబుతాయి. మామకు ఎవరూ చెప్పలేదు.

నల్లద్రాక్ష పిండినా రసం దాదాపు తెల్లగానే వస్తుందని, రంగంతా తొక్కలోనే ఉంటుందని, తొక్కతో కలిపి పులియబెడితే ఎర్ర వైనని, పిండి తొక్క తీసేసి పులియబెడితే తెల్ల వైనని నేను చెప్పిన రోజు ఆయన సంబరం చూడాలి. "అంటే తొక్కే రంగుతొట్టి అన్నమాట. ఎన్ని దినాలు నానితే అంత ముదురు రంగు. మా పనేనప్పా ఇది!" అన్నాడు. ఆ తొక్క నుంచే, గింజ నుంచే నాలుకను పట్టేసే గుణం కూడా వస్తుంది. దానికి ఇంగ్లిష్ పుస్తకాల్లో ఏవేవో మాటలున్నాయి. మాకు ఒక్కటే మాట, ఒగరు. ఆదోని 1953 దాకా బళ్లారి జిల్లాలోదే. ఈ మాట మాకు తెలుగులోనూ అదే, కన్నడంలోనూ అదే.

నేను ఈ పుస్తకం రాయడానికి అసలు కారణం మామ మాటలు. ఎర్ర వైన్ అనగానే నా పుస్తకాల్లో బ్లాక్‌బెర్రీ వాసన అని ఉండేది. ఆ పండు నేను కంటితో చూడలేదు. మొదటి షిరాజ్ సీసా మూత తీసిన రోజు మామ గ్లాసులో ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని, "వాన పడిన మర్నాడు నేరేడు చెట్టు కింద నిలబడినట్టుండాది" అన్నాడు. నేను మళ్లీ వాసన చూశాను. నేరేడే. అంతకుముందు ఐదు నిమిషాలు వెతికినా దొరకని వాసన, మాట వినగానే గ్లాసులోంచి లేచి వచ్చింది. సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్లదానికి "చింతచిగురు దూసిన చెయ్యి" అన్నాడు. ఇంకో ఎర్రదానికి "కొత్త బెల్లం పాకం, అడుగంటక ముందు" అన్నాడు. ఏ దేశపు రుచిగాళ్లు వచ్చి చెప్పినా నాకు ఇంతకంటే బాగా అర్థమయ్యేట్టు చెప్పలేరు. గడిలో ఆయన మాటను ఆయన చెప్పినట్టే రాసేవాణ్ణి. నా మాట ఏదైనా ఉంటే కింద చిన్న అక్షరాలతో.

ఒకే ఒక్కసారి సీసా మమ్మల్ని మోసం చేసింది. కార్క్ బిరడా ఉన్న ఎర్ర వైన్, 900 పెట్టి తెచ్చింది. చాలా రోజుల తరువాత కలిసి కూర్చున్నాం. మామ చిలప ముందు పెట్టి రంగు చూసినాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "నాకేం వాసన రాలేదప్పా" అన్నాడు. నేను వెంటనే చెప్పాను. కార్క్‌కు ఒక జబ్బు ఉంటుంది. ట్రైక్లోరోఅనిసోల్ అని ఒక పదార్థం దాంట్లో పుడుతుంది. ఎక్కువగా ఉంటే తడిసిన అట్టపెట్టె కంపు కొడుతుంది. కొద్దిగా ఉంటే కంపు తెలియదు గానీ వైన్‌లోని పండ్ల వాసననంతా అణిచేస్తుంది. నిజానికి నాకు నేరేడు కొంచెం తగిలినట్టే ఉండింది. మామ లేదంటే లేనట్టే అనుకున్నాను. సీసా తీసుకుపోయి పెరట్లో కాలువలో పోసేశాను. మామ గడపలో నిలబడి చూస్తూ, "అంత డబ్బు పెట్టింది, పారబోస్తివే" అన్నాడు. చెడిన సీసా దాచుకుంటే నోరు కూడా చెడుతుంది మామా, అన్నాను. తరువాతి వారం ఇంకో సీసా తెచ్చాను. చిలప ముందు పెట్టి చూసి, వాసన పట్టి, ఆలోచించి, "మాగిన నేరేడు" అన్నాడు. నా మనసు కుదుటపడింది.

ఆ తరువాత ఒక ఆదివారం నేను బోర్డో ముచ్చట చెప్పాను. ఫ్రాన్స్‌లో బోర్డో అనే చోట, వైన్ చదువు చదివే 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. వాళ్లు ఎక్కువగా ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాని వాసన వర్ణించారు. 2001లో అచ్చయిన పరిశోధన అది. వింటూ మామ చేతిలో గ్లాసు అట్లాగే పట్టుకున్నాడు.

"అయితే ఆ పిల్లోళ్లు అబద్ధం చెప్పినట్టా?"

"లేదు మామా. కంటికి ఎరుపు కనిపించింది. ముక్కు దానికి తగ్గ వాసన వెతుక్కుంది. వాళ్లకు నిజంగానే అట్లా అనిపించింది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "రంగు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది లేప్పా" అన్నాడు. రంగు పనిలో తలపండిన మనిషి మాట. ఆ మాట కూడా పుస్తకంలో రాసుకున్నాను.

హంపి కొండల దగ్గర, కొప్పళ జిల్లాలో, హైదరాబాద్ దంపతులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ వేసిన ద్రాక్షతోట ఉంది. ఇద్దరి పేర్లూ కలిపి క్రస్మా అని పెట్టుకున్నారు. మన తుంగభద్ర దేశంలో పండిన ద్రాక్షతో వైన్ చేస్తున్నారని ఎప్పుడో చెబితే మామ మరిచిపోలేదు. "అది ఒక్కసారి చూడల్లప్పా" అనేవాడు. దాని ధర మా రోజువారీ సీసాల లెక్కలోకి రాదు. పోయిన డిసెంబరులో బోనస్ డబ్బు చేతికొచ్చినప్పుడు ఒకటి సంపాదించాను. కాబర్నే సావిన్యాన్. ఆ సాయంత్రం మామ చిలపను రెండుసార్లు మార్చి మార్చి చూసినాడు. కళ్లు మూసుకుని చాలాసేపు గ్లాసు ముక్కు దగ్గరే ఉంచుకున్నాడు. "హంపి రాళ్ల మీద తొలకరి పడినట్టుండాది. ఆ వెనక నేరేడు. ఇంకా వెనక పాత సందుగు పెట్టె తెరిచినట్టు కొయ్య వాసన" అన్నాడు. పదికి తొమ్మిదిన్నర. పుస్తకంలో అంతకంటే పెద్ద అంకె లేదు.

ఉగాది అయిన పది రోజులకు అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది.

"అల్లుడూ, పాపకు నెలలు నిండినాయి. నేను బళ్లారికి పోతాండా. రెండు నెల్లు రాను. ఆదివారం నువ్వు ఎట్లా వస్తావు కదా, వస్తానే ముందు ఈ గ్యాస్ రెగ్యులేటర్ కట్టినాడా లేదా చూడు. మిగతా దినాలు పక్కింటామెకు చెప్పినా."

"మామ చూసుకుంటాడు లే అత్తా."

"కట్టేది ఆయనే కడతాడు. లీకైతే ఆయనకు తెలియదు కదప్పా. పోయిన వారం పాలు మాడి ఇల్లంతా కంపు. ఆయన పక్కనే కూర్చోని పేపరు చదువుకుంటాండాడు."

నాకు అర్థం కాలేదు. నా ముఖం చూసి ఆమె స్టవ్ తుడవడం ఆపింది.

"కరోనా అప్పుడు పోయింది కదా వాసన. జ్వరం పోయింది, నొప్పులు పోయినాయి, అది మాత్రం రాలే. డాక్టర్లకు చూపిస్తిమి. ఉప్పూ పులుపూ కారం తెలుస్తాయి, అంతే. అగరొత్తి ముక్కు కింద పెట్టినా తెలియదు. నీకు తెలుసనే అనుకుంటిమే. మీరిద్దరూ మళ్లీ కూర్చున్న మొదటి ఆదివారమే వానికి చెప్పినానన్నాడు."

వసారాలో మామ గ్లాసులు కడిగి, తెల్ల చిలప పక్కన బోర్లిస్తున్నాడు.

ఆ రాత్రి ఆదోని వచ్చి పుస్తకం తెరిచాను. 2020లో ఒక్క పద్దూ లేదు. ఆ తరువాత మొదటిది 2021 జనవరి 17, ఆదివారం. రంగు గడిలో: ముదురు మంకెన. వాసన గడిలో: మామకు ఏమీ రాలేదు. మిగతా రెండు గళ్లు కొట్టేసి ఉన్నాయి. మార్కులు: పదికి రెండు. కింద చిన్న అక్షరాలతో నా మాట:

"సీసాదే తప్పు. మామ ముక్కు తప్పు చెప్పదు."