కొసరుకూ ఖరీదు

మా వీధి చివర కూరగాయలమ్మే అవ్వ కిలో వంకాయలకు రెండు రెబ్బలు కరివేపాకు కొసరేస్తుంది. దానికి ఏనాడూ లెక్క కట్టలేదు. పాపం, హెచ్ఆర్ కోర్సు చదవలేదు కదా! చదివుంటే కరివేపాకు వెల, తక్కెడ అరుగుదల, తను కూర్చున్న గోనెపట్టా అద్దె కూడా కలిపి ‘వంకాయల ప్యాకేజీ’ అనేది.

హైదరాబాద్ ఐటీ కంపెనీలు ఈ విద్యకు పెట్టుకున్న పేరు సీటీసీ. అంటే మనవల్ల కంపెనీకయ్యే ఖర్చు. మన చేతికొచ్చేది వేరే సంగతి.

మొన్న మా మేనల్లుడికి 12 లక్షల ఆఫర్ వచ్చింది. నెలకు లక్ష అని మా అక్క వీధంతా చెప్పొచ్చాక ఆ కాగితం నా చేతికిచ్చారు. బేసిక్ 50 వేలు. దాని మీద 12 శాతం, అంటే 6 వేలు, పీఎఫ్‌లో కంపెనీ వాటా. పేరుకే కంపెనీది, తీసేది వీడి 12 లక్షల్లోంచే. వీడి వాటా ఇంకో 6 వేలు. గ్రాట్యుటీ కింద నెలకు 2,405. ఐదేళ్లు కదలకుండా ఉంటేనే అది దక్కుతుంది. ఐదేళ్లలో మూడు కంపెనీలు మారే కుర్రాడికి దాన్ని జీతమని చూపించడానికి గుండె ధైర్యం కావాలి. వేరియబుల్ ఏడాదికి లక్షా 20 వేలు, కంపెనీ బాగుండి మేనేజర్‌కి మనసు బాగుంటే. ఆరోగ్య బీమా ప్రీమియం ఏడాదికి 15 వేలు. వృత్తి పన్ను 200 కూడా పోతే నెలకు చేతికొచ్చేది 74,145.

“లక్ష ఏదిరా?” అంది అక్క.

సరే, బేరమాడమన్నాను. హెచ్ఆర్ మేడమ్ ముందు మూడు నెలల పేస్లిప్పులు పంపమంది. పాత జీతం మీద 30 శాతానికి మించి పెంచరట. ‘నిన్న ఎంతకమ్మావో చీటీలు చూపించు, దాన్నిబట్టి ఇస్తా’నని మా అవ్వతో అని చూడండి, తూకంరాయి మీదికొస్తుంది. కాలిఫోర్నియాలో 2018 నుంచి పాత జీతం అడగడమే చట్టవిరుద్ధం. అక్కడ ఆఫీసులున్న కంపెనీలు అడక్కుండానే జీతాలు తేల్చుకుంటున్నాయి మరి. ఇక్కడికొచ్చేసరికి ఏం మర్చిపోతాయో!

వాడు 13 అడిగాడు. బడ్జెట్ లేదంది. కానీ వర్క్ కల్చర్ చాలా బాగుంటుందట, స్నాక్స్ ఫ్రీయట. (ఇవొక్కటే సీటీసీలో కలపలేదు, ఎవరో మర్చిపోయుంటారు.) పదిహేను రోజుల్లో చేరాలంది.

“మీ లెటర్లో నోటీసు పీరియడ్ 90 రోజులని ఉంది కదా మేడమ్?”

“అది మా పాలసీ అండీ.”

వాడు చేరిపోయాడు. మా అక్క పెళ్లి సంబంధాల బయోడేటాలో మాత్రం 12 లక్షలనే వేయించింది. ఆదివారం ఒక సంబంధం వాళ్లు ఫోన్ చేశారు. వాళ్లమ్మాయిది 14 అట. అక్క ఫోన్ పెట్టేసి, కాగితం పెన్నూ తెచ్చి నా ముందు పెట్టింది.