‘శనగలు సీసాలో వేసి రావలెను’: సటీకా తాత్పర్యము

మూలము: కుర్చీ కింద దూరి, దిండ్లు దాటి, నేల మీది తాడు వెంట నడిచి, గిన్నెలోని శనగలు ఒక్కొక్కటిగా సీసాలో వేసి రావలెను.

అవతారిక. వావిళ్ళవారి పుస్తకాల్లో పైన ఒక పద్యం, కింద పేజీ నిండా టీకా తాత్పర్యం ఉంటే ఎవరూ వింతగా చూసేవారు కాదు. పసిపిల్లల బడిలో నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి, సాయంత్రానికి తుడిచేసే ఇలాంటి వాక్యానికి మాత్రం ఆ మర్యాద దక్కలేదు. కర్త పేరు తెలియదు, కాలనిర్ణయం ఎవరికీ అక్కర్లేదు, ఛందస్సు అసలే లేదు. అయినా శాస్త్రగ్రంథానికి ఉండాల్సిన నాలుగు అనుబంధాలూ దీనికి ఉన్నాయి. అధికారి మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు. విషయం అడ్డంకుల ఆట. ప్రయోజనం వేళ్ళకు నేర్పు రావడం. అంటే చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, బలపం చెప్పినట్టు వినడం, అన్నం ఒళ్ళో పడకుండా కలుపుకుని తినడం. నాలుగోదైన సంబంధం దగ్గరే చిక్కంతా ఉంది. కుర్చీ కింద దూరితే బొత్తాం పెట్టడం ఎలా వస్తుంది? మోకాళ్ళకు చెప్పిన పని వేళ్ళకు ఏ దారిన అందుతుంది? మెదక్ జిల్లా కొల్చారం తనవాడిగా చెప్పుకునే మల్లినాథసూరి, మూలాన్ని దాటి పోననీ అనవసరం జోలికి వెళ్ళననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆ ప్రతిజ్ఞలో మొదటి సగాన్ని ఇక్కడ పాటిస్తున్నాం. రెండో సగం సంగతి పాఠకులు తేల్చాలి.

టీక. కుర్చీ కింద = పెద్దలెవరూ కూర్చుని లేని కుర్చీ కింద; దూరి = తలా వీపూ తగలకుండా ఒళ్ళు ముడుచుకుని అవతలికి పోయి; దిండ్లు = వరసగా పరిచిన తలగడలను; దాటి = తొక్కకుండా, పడకుండా అడుగులు వేసి (మీద పడి దొర్లడం లౌకికాచారమే గాని మూలానికి సమ్మతం కాదు); తాడు వెంట = నేల మీద పరిచిన తాడును అనుసరించి; నడిచి = మడమకు మునివేళ్ళు ఆనించి నడిచి; శనగలు = ఎండువి, నానబెట్టనివి; ఒక్కొక్కటిగా = గుప్పెడు ఒక్కసారి కుమ్మరించక, బొటనవేలి కొనా చూపుడువేలి కొనా కలిపి ఒకసారికి ఒక గింజ చొప్పున; సీసాలో = మూతి సన్ననిదైన పాత్రలో; వేసి = గురిచూసి వదిలి; రావలెను = బయల్దేరిన చోటికి తిరిగి చేరవలెను. ఇందులో ‘ఒక్కొక్కటిగా’ అన్న పదాన్ని చదివేవారు అలవాటుగా మింగేస్తారు. తక్కిన వాక్యమంతా ఆ ఒక్క పదం కోసమే ఉందని ఈ వ్యాఖ్య చెప్పదలచినది.

దీని మీద మొదటి పూర్వపక్షం వ్యాకరణం నుంచి లేస్తుంది. దూరి, దాటి, నడిచి, వేసి అన్న నాలుగూ చిన్నయసూరి చెప్పిన క్త్వార్థకాలు. సమాపక క్రియ ‘రావలెను’ ఒక్కటే. కాబట్టి నాలుగు పనులకూ సమాన ప్రతిపత్తి ఉంది, చుట్టు పూర్తిచేసి తిరిగి రావడమే విధి, ఫలం ఆ చుట్టులోనే ఎక్కడో పుడుతుంది అంటారు. చాలా బడుల్లో ఆచరణ కూడా ఇలాగే ఉంది: పిల్లలు దూరారు, దాటారు, నడిచారు, గిన్నె దగ్గర గుప్పెడు శనగలు సీసా మూతి మీద కుమ్మరించి పరుగెత్తుకొచ్చారు, అందరూ చప్పట్లు కొట్టారు. దీనికి సమాధానం మీమాంసకులు ఎప్పుడో చెప్పి ఉంచారు. వేరే దారిలో దొరకనిదాన్ని చెప్పినప్పుడే శాస్త్రానికి సార్థకత. ఆకలేసినవాడికి అన్నం తినమని విధి అక్కర్లేదు. మూడేళ్ళ పిల్లకు మంచం కింద దూరమని, దిండ్ల మీదుగా గెంతమని ఎవరు చెప్పాలి? వద్దన్నా చేస్తుంది. ఎవరూ చెప్పకుండా జరగనిది ఒక్కో గింజా పట్టి సన్నమూతిలో వేయడం. కనుక విధి దాని మీదే నిలుస్తుంది. అదే ప్రధానం, తక్కిన మూడూ అంగాలు. తిరిగి రావడమంటారా, ఆట మళ్ళీ మొదలయ్యేందుకు ఉన్న సౌకర్యం.

అంగాలైతే అవి ప్రధానానికి చేసే ఉపకారం ఏమిటో చూపాలి. ఇక్కడ శిశువికాస గ్రంథాల్లో ఒక పాత సూత్రం ఉంది. పసివాడి అదుపు మొండెం నుంచి భుజానికి, భుజం నుంచి మోచేతికి, అక్కణ్ణుంచి వేళ్ళకు జరుగుతూ వస్తుందని అమెరికాలో ఆర్నాల్డ్ గెసెల్ తరం చెప్పింది. దాన్ని పట్టుకుని, ఒళ్ళు గట్టిపడితే వేళ్ళు వాటంతటవే చురుకవుతాయని బడి కరపత్రాలు రాసేస్తాయి. సూత్రంలో నిజం లేకపోలేదు. 1992లో ఫిలిప్ రోషా అయిదు నుంచి ఎనిమిది నెలల పసిపిల్లలను పరిశీలించాడు. ఆసరా లేకుండా కూర్చోవడం ఇంకా రానివాళ్ళు వస్తువు కోసం ఎక్కువగా రెండు చేతులూ కలిపి చాచారు. కూర్చోవడం వచ్చినవాళ్ళు ఒక చెయ్యి చాచారు. నడుము నిలిచాక చేతికి తీరిక దొరికిందన్నమాట. అయితే ఇక్కడ దొరికింది తీరిక, నేర్పు కాదు. ఈ తేడాను కరపత్రాలు చూడవు.

ఎందుకు చూడాలో 1968లో లారెన్స్, కైపర్స్ కోతుల మీద చేసిన ప్రయోగాలు చెబుతాయి. మెదడు పైపొర నుంచి వెన్నుపాములోకి దిగే ప్రధాన నాడీమార్గాన్ని రెండు వైపులా తెంచితే, కొంతకాలానికి ఆ కోతులు మళ్ళీ పరుగెత్తాయి, ఎక్కాయి, దూకాయి. చిన్న గుంటలోని ఆహారపు ముక్కను ఒక్కో వేలూ విడిగా కదిపి తీయడం మాత్రం వాటికి తిరిగి రాలేదు. మరికొన్నింటిలో మెదడు కాండం నుంచి మొండేనికి వచ్చే మార్గాలను దెబ్బతీస్తే, ఒళ్ళు నిలవక పడిపోతూనే చేత్తో మాత్రం ముక్కను అందుకోగలిగాయి. దూకేదానికీ గింజ పట్టేదానికీ దారులు చాలావరకు వేరు. కాబట్టి కుర్చీ కింద ఎన్నిసార్లు దూరినా ఆ దూరడం వేలికొనల్లోకి దానంతటది పారదు. థార్న్‌డైక్, ఉడ్‌వర్త్ 1901లోనే ఒక అభ్యాసం ఇంకోదానికి పనికొచ్చేది రెండింటిలో ఉమ్మడి అంశాలున్నంత మేరకేనని చెప్పారు. పసితనంలోనూ ఇదే వరస. తొమ్మిది నెలలు దాటిన పిల్లలు కూర్చుని ఉన్నప్పుడు ముందున్న ఖాళీ ఎంత వెడల్పో చక్కగా అంచనా కట్టి ఆగారు. ఆ పిల్లలే, కొత్తగా నేర్చిన పాకుడు భంగిమలో, అదే ఖాళీలోకి పడబోయారు. కారెన్ అడాల్ఫ్ 2000లో ప్రకటించిన ఫలితమిది. ఒక భంగిమలో నేర్చినదే పక్క భంగిమకు అందనప్పుడు, మోకాళ్ళు నేర్చినది వేళ్ళకు అందుతుందనడం ఏ ప్రమాణంతో?

అయితే అంగాలు దండగేనా? కాదు. వడ్లు దంచడం యాగం కాదు. దంచని వడ్లతో యాగానికి కావలసిన రొట్టె, పురోడాశం, మాత్రం తయారవదు. అలాగే కుర్చీ కింద పాకుతున్నప్పుడు ఒంటి బరువు అరచేతి మీద పడుతుంది, భుజం దాన్ని మోస్తుంది, మణికట్టు వెనక్కి వంగి నిలుస్తుంది. తర్వాత గిన్నె ముందు నిలబడినప్పుడు గింజను పట్టే రెండు వేళ్ళకూ కుదురైన మణికట్టు కావాలి. అంగం సిద్ధం చేసేది పని జరిగే వేదికను. వేదిక మీద పని జరగకపోతే దానికి వేరే ఫలం ఏమీ రాదు.

పాకడం అంత అవసరమైతే పాకని పిల్లల గతేమిటని ఇక్కడ ఒకరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన అధ్యయనంలో దాదాపు 4.3 శాతం పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నడకకు వెళ్ళిపోయారు. అందువల్ల పాకుడును నిత్యకర్మగా విధించడం తగదు. అది కామ్యం, చేస్తే లాభం, మానితే ప్రత్యవాయం లేదు. పాకనందుకు పిల్లవాడి చేతిరాత చెడిందని భయపెట్టేవాళ్ళ మాటకు మూలంలో ఆధారం లేదు.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది. గింజ పట్టడమే ప్రధానమైతే, బిడ్డను చాప మీద కూర్చోబెట్టి గిన్నే సీసా చేతికివ్వండి; కుర్చీలూ దిండ్లూ ఎందుకు? అచ్చనగండ్లు ఆడే పిల్లలు అడ్డంకులేవీ దాటకుండానే, ఒక రాయి గాలిలో ఉండగా నేల మీది రాయిని ఏరే నేర్పు సంపాదిస్తారు కదా? నిజమే. కానీ ఆ ఆట కాస్త పెద్ద పిల్లలది, మూడేళ్ళవాళ్ళకు లొంగదు. మూడేళ్ళవాడు గిన్నె ముందు కూర్చుని ఆరో గింజకే సీసాను బోర్లించి, దాంతో డోలు వాయించడం మొదలుపెడతాడు. అదే ఆరు గింజలు ఒక చుట్టు చివర ఉంటే, మళ్ళీ దూరాలన్న ఆశతో మళ్ళీ వేస్తాడు. అభ్యాసాన్ని తెచ్చేది అడ్డంకి. మరో కారణం ఇంకా బలమైనది. బతుకులో చెయ్యి ఎప్పుడూ కూర్చునే పనిచేయదు. ఒంటికాలి మీద నిలబడి చెప్పు పట్టీ పెట్టుకోవాలి, కదిలే బస్సులో చిల్లర ఏరాలి. 1978లో కెర్, బూత్ ఎనిమిదేళ్ళ పిల్లల చేత చిన్న సంచులను గురిచూసి వేయించారు. రెండడుగులు, నాలుగడుగుల దూరాల నుంచి మార్చి మార్చి వేసినవాళ్ళు, తామెన్నడూ సాధన చేయని మూడడుగుల గురిలో, మూడడుగుల నుంచే సాధన చేసినవాళ్ళను మించారు. విసరడం గింజ పట్టడం కాదు, పిల్లల వయసూ వేరు. ఉన్నదాన్ని మించి దీన్ని సాగదీయకూడదు. అయినా మారే పరిస్థితుల్లో చేసిన సాధన మారే పరిస్థితులకు పనికొస్తుందన్న మాటకు ఇది సాక్ష్యం. ఊపిరి ఎగపోస్తూ, ఒళ్ళింకా ఊగుతూ వచ్చి గింజ పట్టడం చాప మీది గింజ కంటే వేరే పాఠం. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మారియా మాంటిసోరీ పద్ధతిలో, గీత మీద నడిచే పిల్లల చేతికి మోగకుండా మోయవలసిన గంటనో తొణకకూడని నీళ్ళ గ్లాసునో ఇవ్వడంలోనూ ఉన్నది ఈ కూర్పే.

మన తొక్కుడుబిళ్ళ ఈ వాదానికి అచ్చమైన దృష్టాంతం. బిళ్ళను గడిలో గీత తగలకుండా వేయాలి, ఒంటికాలి మీద కుంటుకుంటూ పోవాలి. ఇక్కడ పాఠభేదముంది. కొన్నిచోట్ల బిళ్ళను కాలితో గడి దాటిస్తారు. కొన్నిచోట్ల ఒంటికాలి మీదే వంగి వేళ్ళతో తీస్తారు. గడులవే, గెంతులవే. కానీ రెండో పాఠంలోనే చేతికి పూర్తి పని పడుతుంది. అడ్డంకులు ఒక్కటే అయినా వేళ్ళకు దక్కేది ఒక్కటి కాదని చెప్పడానికి ఇంతకంటే సులువైన చోటు లేదు.

ఇప్పుడు పూర్వపక్షి చివరి అస్త్రం తీస్తాడు. పిల్లలు తమంతట తామే మంచాల కింద దూరతారన్నారు. అపార్ట్‌మెంట్‌లో సోఫా మీద ఫోన్ పట్టుకుని కూర్చున్న పిల్లకు దూరడం కూడా దొరకనిదే అయింది. కాబట్టి దానికీ విధి కావాలి. ఇది ఒప్పుకోవలసిందే. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని, అందులో గంటైనా చెమట పట్టే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పాల్సి వచ్చింది. కానీ ఒకే వాక్యం రెండింటిని విధిస్తే వాక్యభేద దోషం. పరుగులు కావాలంటే పరుగులకు వేరే వాక్యం రాయండి. వాటికి వాటి ఫలం ఉంది, అది చిన్నదేమీ కాదు. ఆ ఫలాన్ని తెచ్చి వేళ్ళ ఖాతాలో వేయడమే తప్పు. వేళ్ళ నేర్పు ఉన్న పిల్లలు తర్వాత చదువులోనూ ముందున్నారని 2010లో గ్రిస్మర్ బృందం చూపిన సంబంధాన్ని కూడా కొందరు ఇక్కడికే మోసుకొస్తారు. అది అర్థవాదం, ప్రశంస. ఒకటి ఉన్నచోట ఇంకోటి కనబడిందంటే మొదటిది రెండోదాన్ని కన్నదని కాదు.

‘వేగముగా వేసి రావలెను’ అని కొన్ని ప్రతుల్లో ఉంది. స్టాప్‌వాచ్ ఉన్న బడుల్లో ఈ పాఠం ఎక్కువ. ఇది ప్రక్షిప్తం. లక్ష్యం ఎంత చిన్నదైతే చెయ్యి అంత నెమ్మదించాలని పాల్ ఫిట్స్ 1954లో, బిళ్ళలు పుల్లలకు తొడిగించీ, పుల్లలు రంధ్రాల్లో పెట్టించీ కొలిచి చూపాడు. సన్నమూతి సీసా పెట్టి, తొందరపెట్టి, గెలిచినవాడికి చాక్లెట్ ఇస్తే పిల్లలు నేర్చేది గుప్పెడు కుమ్మరించడమే. పోటీ తప్పనిసరి అనుకుంటే సమయాన్ని కాకుండా సీసాలో పడ్డ గింజలను లెక్కపెట్టాలి.

ఇక ‘శనగలు’ అన్నచోట పాఠం సవరించక తప్పదు. మూడేళ్ళ లోపు పిల్లలకు చేతికి దొరికిన ప్రతిదీ నోటికి పోతుంది. శనగ గొంతులో అడ్డుపడుతుంది, ముక్కులో దూరితే తడికి ఉబ్బుతుంది. అధికారిని మూడేళ్ళ పైబడినవాళ్ళకే పరిమితం చేసింది ఇందుకే, వాళ్ళ పక్కన కూడా పెద్దవాళ్ళొకరు కూర్చోవాలి. ఇంట్లో చిన్నవాడు అక్క వెనకాలే చుట్టు తిరుగుతానంటే వాడి వంతుకు ‘శనగలు’ తీసి ‘నిమ్మకాయలు’ అని, ‘సీసా’ తీసి ‘బిందె’ అని చదువుకోవాలి. ‘ఒక్కొక్కటిగా’ మాత్రం అలాగే ఉంటుంది.