పార్కింగ్ టైల్స్

హన్మకొండలో మా పక్కింటాయన పాత షాబాద్ బండలు తీయించి కొత్త ఫ్లోరింగ్ వేయించాడు. ఏ పనైనా శ్రద్ధగా చేసే మనిషి. షాపులన్నీ తిరిగాడు, మేస్త్రీలను అడిగాడు, నమూనాలు ఇంటికి తెచ్చి అందరి ముందూ పరిచాడు. హాలుకూ పడగ్గదులకూ అద్దంలా మెరిసే గ్లాసీ విట్రిఫైడ్ టైల్స్ ఖాయం చేశాడు. పోర్టికోకు మాత్రం గరుకుగా ఉండే పార్కింగ్ టైల్స్ తీసుకున్నాడు.

"వానకాలం టైర్లు తడిగుంటయి. రివర్స్ తీసేటప్పుడు బండి జారొద్దు గదా" అన్నాడు. ఆ ముందుచూపును మేస్త్రీ కూడా మెచ్చుకున్నాడు.

పనంతా దగ్గరుండి చేయించాడు. ఆరిన తర్వాత ఒక్కో టైల్‌నూ వేళ్లతో తట్టి చూసేవాడు. డొల్ల చప్పుడు వస్తే ఊడదీయించి, కింద సిమెంటు నిండుగా పట్టించి మళ్లీ వేయించేవాడు. మా వీధిలో అంత చక్కగా కుదిరిన నేల ఇంకో ఇంట్లో లేదు.

సామాన్లు సర్దిననాడే వాళ్లమ్మ, నడిచేచోట కొత్తవాడ జంపఖానా ఒకటి పరవమంది.

"ఇంత ఖర్చు పెట్టి వేయించింది కప్పెట్టేందుకా అమ్మా?" అన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు.

మా వరంగల్‌లో మే నెల ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, జూలైకల్లా ముసురు పడుతుంది. వాన వెలిశాక ఉక్కగాలి ఇంట్లోకొచ్చి చల్లటి నేలకు తగిలితే, ఎవరూ చుక్క నీళ్లు పోయకపోయినా నేల చెమ్మగిల్లుతుంది. విట్రిఫైడ్ టైల్ తన బరువులో అర శాతం నీటిని కూడా పీల్చుకోదు. మరకలు పట్టకపోవడానికి కారణం అదే, పైన చేరిన చెమ్మ పైనే పొరగా నిలిచిపోవడానికీ అదే. పాత బండలకూ చెమ్మ పట్టేది. కాకపోతే వాటి గరుకు కాలిని పట్టి ఆపేది. షాపులో అందరం పొడి టైల్‌నే చూసి ఇష్టపడతాం. దాని మీద చెంబెడు నీళ్లు పోయించి, చెప్పులు విప్పి నిలబడి చూడాలి. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లాలి.

2023 జూలై చివరి వారంలో హన్మకొండ కాలనీలు నీటమునిగిన వానలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. మా వీధిలోకి నీళ్లు రాలేదు. గండం గడిచిందనే అనుకున్నాం. వాన తెరిపిచ్చిన పొద్దున, దేవుడికి దీపం పెట్టి వస్తూ వాళ్లమ్మ హాల్లో జారిపడింది. ఎనభై దాటిన మనిషి. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చిన రోజు మేమూ వెళ్లాం. మంచం ఎక్కడ వేయాలన్న దగ్గర మాట తెగలేదు. హాల్లోనైతే గాలి బాగా వస్తుందని కోడలు, పడగ్గదిలోనైతే బాత్రూం దగ్గరని మనవడు. చివరికి కొడుకే వంగి, ఆమె చెయ్యి పట్టుకుని అడిగాడు.

"నువ్వే చెప్పమ్మా. మంచం యాడ ఎయ్యమంటవ్?"

"కారు కాడ ఎయ్యి కొడుకా. ఆడ జారదంటివి గదా."